ధరల వార్త ఎవరి వంటింటిది?

1998లో ఢిల్లీలో కిలో ఉల్లిగడ్డ నలభై రూపాయలు దాటింది. ఆ నవంబరు ఎన్నికల్లో అక్కడి ప్రభుత్వం ఓడింది. ఉల్లి ప్రభుత్వాలను కూలుస్తుందని పత్రికలు ఇప్పటికీ ఆ కథే తిప్పి చెబుతుంటాయి. ఉల్లి వాడకు అక్కర్లేదని మేమనడం లేదు. గంజిలోకి నంజుకునేది అదీ, పచ్చిమిరపకాయే. కానీ అంతకు రెండేళ్ళ ముందు పెరిగిన ఇంకో ధర సంగతి ఈ కథలో ఎక్కడా తగలదేమని మేం అడుగుతున్నాం.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మొదలుపెట్టిన రెండు రూపాయల కిలో బియ్యాన్ని 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం మూడున్నర చేసింది. ఇరవై కిలోలు తెచ్చుకునే ఇంట్లో నలభై పోయేచోట డెబ్బై పోయాయి. నూటికి డెబ్బై అయిదు! ఉల్లి ధర పెరిగితే దాని పేరు ధరల మంట. కోటా బియ్యం ధర పెరిగితే చర్చంతా సబ్సిడీ భారం, ఖజానా లోటు, సంస్కరణలు. డబ్బు పోయింది కూలివాళ్ళ కొంగుముడిలోంచి, బాధ మాత్రం ఖజానాకి!

ఈ తేడా లెక్కల్లోనే ఉంది. ఆ రోజుల్లో వారం వారం అచ్చయిన ద్రవ్యోల్బణం టోకు ధరల సూచీది. సిమ్లా లేబర్ బ్యూరో వ్యవసాయ కూలీల కోసం వేరే సూచీ నెలనెలా తీస్తూనే ఉండేది. 1986-87 ఆధారంగా తీసిన ఆ సూచీలో తిండికి వందలో 69 పాళ్ళు. పారిశ్రామిక కార్మికుల 1982 సూచీలో 57. కూలీల అంకె మొదటి పేజీ ఎక్కడం మేమెరగం.

ఎక్కించేవాళ్ళెవరని? కోటా బియ్యం పెరిగిన ఆ 1996లోనే, నవంబరు 16న, బి.ఎన్. ఉనియాల్ పయనీర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఢిల్లీలో గుర్తింపున్న 686 మంది విలేకరుల జాబితా పట్టుకుని వెదికితే ఆయనకు ఒక్క దళితుడూ తగల్లేదు. కోటా బియ్యం సంచి మోసిన చెయ్యి డెస్కు మీద లేనప్పుడు ఆ ధర వార్త ఎలా అవుతుంది? పెద్దకూర, ఎండుచేపల ధర సంగతి సరేసరి.

2023లో టమాట నూరు దాటింది. కెమెరాలు రైతుబజార్లకు, మదనపల్లె మార్కెట్టుకు పరుగెత్తాయి. టమాట లేకుంటే వాడలో చింతపండు పిసుకుతారు. బియ్యానికి బదులేముంది, నూకలు తప్ప? ఆ టమాటలు కోసిన ఆడకూలీల దగ్గరికెళ్ళి, అమ్మా, ఈ వారం నీ కూలేమన్నా పెరిగిందా అని అడిగిన కెమెరా మాకైతే కనబడలేదు.