వెనుక హబ్బు మార్చడమా, మానడమా?

రోడ్డు సైకిలు కొని ఏడాది తిరిగేసరికి చాలామందిలో ఒక కోరిక తలెత్తుతుంది. సైకిలుతో పాటు వచ్చిన వెనుక హబ్బును తీసివేసి, ఖరీదైనది వేయిస్తే ఎలా ఉంటుందని. హబ్బంటే చక్రం నడిబొడ్డున ఇరుసునూ బేరింగులనూ తనలో ఇముడ్చుకొని, స్పోకులన్నిటినీ పట్టి ఉంచే భాగం. మార్చడం లాభమా అని మిత్రులు అడిగినప్పుడల్లా నాకు ధరల పట్టిక కన్నా దాని చరిత్రే గుర్తుకు వస్తుంది. ఈ చిన్న వస్తువు మారిన ప్రతిసారీ, ఆ మార్పు వెనుక ఎవరో పడిన కష్టం ఒకటి ఉంది. ఆ కష్టం మనకూ ఉన్నదా అన్నదే విచారించవలసిన విషయం.

1903లో మొదటి టూర్ ద ఫ్రాన్స్ జరిగినప్పుడు పందెగాళ్ళకు నేటి గేర్లు లేవు. తరువాతి దశాబ్దాలలో వెనుక హబ్బుకు రెండు వైపులా పళ్ళ చక్రాలు బిగించుకొనేవారు. చదును నేలకు చిన్నది, ఎగువకు పెద్దది. కొండ మొదట్లో దిగి, నట్లు వదులు చేసి, చక్రాన్ని తిప్పి బిగించి, మళ్ళీ ఎక్కాలి. సెంతెత్యేన్ పట్టణంలో పత్రిక నడిపిన పాల్ ద వివీ, వెలోసియో అన్న కలంపేరుతో, బహుళ గేర్ల కోసం ఏళ్ళ తరబడి వాదించాడు. టూర్ స్థాపకుడు ఆంరీ దెగ్రాంజ్ ససేమిరా అన్నాడు. గెలవవలసింది మనిషి కండబలమే గాని యంత్రపు కిటుకు కాదని ఆయన పట్టుదల. ఆయన పక్కకు తప్పుకున్నాక, 1937లో గాని ఆ పందెంలో డిరైలర్‌కు అనుమతి దొరకలేదు. ఆ ఏడాది విజేత రొజే లపెబీ.

ఇటలీలో మరొక కథ చెప్పుకుంటారు. 1927లో క్రోచే దావునే కనుమ మీద, మంచు కురుస్తుండగా, తుల్లియో కాంపాన్యోలో అనే పందెగాడు చక్రం తిప్పుకొనేందుకు దిగాడట. వేళ్ళు కొయ్యబారి రెక్కల నట్టు వదులు కాలేదట. కథలో కల్పన ఎంతో గాని, ఫలితం మాత్రం చేతికందే వస్తువు. బోలు ఇరుసు గుండా ఒక కడ్డీ, దాని చివర ఒక మీట. మీట తిప్పితే చక్రం ఊడి చేతికి వస్తుంది. 1933లో ఆయన పెట్టిన సంస్థ నేటికీ ఉన్నది.

మూడవ కష్టం ఇరుసుది. పాత పద్ధతిలో పళ్ళ చక్రాల గుత్తిని, అంటే ఫ్రీవీలును, హబ్బు మీద మరతో బిగించేవారు. కుడివైపు బేరింగు దానికి లోపల ఉండిపోయేది. పళ్ళ చక్రాలు అయిదు, ఆరు, ఏడుగా పెరిగినకొద్దీ బేరింగుకూ ఫ్రేముకూ నడుమ ఆధారం లేని ఇరుసు పొడవు పెరిగింది. ఇరుసులు వంగాయి, విరిగాయి. 1978లో జపానుకు చెందిన షిమానో, ఫ్రీవీలు యంత్రాంగాన్ని హబ్బులోనే భాగం చేసి, కుడి బేరింగును ఫ్రేము అంచు దాకా జరిపింది. 1921లో మొదలైనప్పుడు ఆ సంస్థ తొలి ఉత్పత్తి ఫ్రీవీలే కావడం విశేషం. తన పుట్టుకకు కారణమైన వస్తువును తానే సాగనంపిందన్నమాట!

ఇక నేడు అంగడిలో అమ్ముతున్నదేమిటి? ఒకటి, పట్టు వేగం. లోపలి పళ్ళు 18 ఉంటే, పెడల్ మళ్ళీ తొక్కినప్పుడు హబ్బు గరిష్ఠంగా 20 డిగ్రీలు తిరిగాక పట్టుకుంటుంది. 36 ఉంటే 10 డిగ్రీలకే. రాళ్ళ దారిలో ఆగి ఆగి తొక్కేవారికి ఈ తేడా తెలుస్తుంది. రోడ్డు మీద ఏకధాటిగా తొక్కేవారికి దాదాపు తెలియదు. రెండు, బరువు. హబ్బు చక్రం కేంద్రంలో ఉంటుంది గనుక అక్కడ తగ్గిన గ్రాములు చక్రాన్ని తిప్పడంలో శ్రమను తగ్గించవు. మోయవలసిన బరువు మాత్రం ఆ కాస్త తగ్గుతుంది. మూడు, నునుపైన బేరింగులు. గాలి ఎదురు, టైరు రాపిడి హరించే శక్తి ముందు బేరింగుల ఘర్షణ చాలా స్వల్పం.

కాబట్టి నా తీర్పు ఇది. ఇరుసు పదేపదే వంగుతున్నా, ఫ్రీవీలు జారుతున్నా, గేర్లు పెంచబోతే పాత హబ్బులో చోటు చాలకపోయినా మార్చండి. అయితే ముందు ఫ్రేము కొలత చూసుకోండి. పాత ఆరేడు గేర్ల సైకిళ్ళలో ఫ్రేము కొమ్ముల నడుమ 126 మిల్లీమీటర్లుంటే, తరువాతివాటిలో 130. డిస్కు బ్రేకుల సైకిళ్ళది మరో లెక్క. స్టీలు ఫ్రేమును నేర్పరి కాస్త వెడల్పు చేయగలడు. కార్బన్ ఫ్రేముతో ఆ సాహసం వద్దు.

ఈ ఇబ్బందులేవీ లేకపోతే డబ్బు మంచి టైర్లకు పెట్టండి. పాత హబ్బు బాల్ బేరింగులదైతే విప్పించి, కడిగించి, కొత్త గ్రీజు పెట్టించండి. మన సైకిలు షాపుల్లో దానినే "ఓవరాయిలింగు" అంటారు. దెగ్రాంజ్ గేర్ల విషయంలో పొరబడ్డాడనే నేనూ అంటాను. కొండ మొదట్లో చక్రం ఊడదీయడంలో పౌరుషమేమీ లేదు. కాని కష్టం ఉన్నచోట వచ్చిన మార్పు వేరు, కష్టాన్ని వెతుక్కుని మరీ కొనే మార్పు వేరు. ఈ రెండో రకాన్ని చూసి ఆ ముసలాయన నవ్వితే, నేనూ ఆయనతో కలిసి నవ్వుతాను.