గుడారం లేని శిబిరం

మా పాలమూరు పల్లెల్లో చలి ముదిరిందంటే గొంగళ్లు బయటికొస్తాయి. గొర్రె ఉన్ని కత్తిరించి, ఏకి, వడికి, గుంటమగ్గం మీద రెండు పట్టీలుగా నేసి, నడుమ కుట్టి, చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టిన గొంగడి అది. గంజి బాగా పట్టిందంటే వాన చుక్క, మంచు చుక్క పైనుంచే జారిపోతాయి. పరిస్తే పక్క, కప్పితే దుప్పటి, తలమీంచి కొప్పెర వేసుకుంటే నడిచే ఇల్లు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు గొర్రెల కాపరి ఈ ఒక్కదానితో చలికాలమంతా బయటే వెళ్లదీస్తాడు.

నిజాం మీద, దొరల మీద సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో అడవి పట్టిన దళాల చలికాలం గురించి తలచుకున్నప్పుడల్లా నాకు ముందు కళ్ల ముందు నిలిచేది ఈ గొంగడే. ఎత్తుకుపోలేనిది వెంట ఉండకూడదన్న సూత్రం ఆ దళాలు కష్టపడి నేర్చుకున్నాయి. మొదట్లో వాటి బతుకు అలా లేదు.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన రోజుల్లో ఊరి రైతులు కట్టిన సంఘపోళ్ల చేతుల్లో ఉన్నవి గుత్పలు, వడిసెలలు. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చాక బర్మార్లు, తుపాకులు వచ్చాయి, దళాలు కట్టుదిట్టమయ్యాయి. అప్పుడు ఊరే శిబిరం. నల్లగొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో దాదాపు 3 వేల ఊళ్లు సంఘం చేతిలో ఉన్నాయని పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క చెప్పాడు. ఊరు అన్నం పెట్టింది, ఊరు కాపలా కాసింది. పదిమంది కలిసి పడుకున్నా భయం లేదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. నిజాం వైపు నిలిచిన సాయుధ మూకలు, రజాకార్లు పోయారు, కానీ అదే సైన్యం దళాల వేటకు దిగింది. లారీ పోయే మైదానంలో పెద్ద దళం దాగలేదు. ఇక పోరాటం ఆపాలా, సాగించాలా అన్న వాదన నాయకుల్లోనే వచ్చింది. ఆపాలన్నవాళ్లలో రావి నారాయణరెడ్డి ఒకడు. సాగించాలన్నవాళ్లు దళాల్ని నలుగురైదుగురి జట్లుగా విడదీశారు. కొన్ని గోదావరి అడవుల దిక్కు, కొన్ని కృష్ణ ఒడ్డున నల్లమల దిక్కు సాగాయి. దేవరకొండ దాటి, డిండి వాగు దాటితే అమ్రాబాద్ గుట్టలు. ఇవాళ నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న అడవి అది.

ఆ అడవిని చలికాలంలో చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. నల్లమల ఆకురాల్చే అడవి. వానాకాలంలో పది అడుగుల దూరంలో మనిషి కనబడడు. పుష్యం దాటేసరికి చెట్లు పలచబడతాయి, కింద ఎండుటాకులు పరుచుకుంటాయి. అడుగు వేస్తే కరకర. ఆ చప్పుడు మనల్ని పట్టిస్తుంది, వచ్చేవాణ్నీ పట్టిస్తుంది. చలికి మంట వేస్తే రాత్రి వెలుగు కనబడుతుంది, పగలు పొగ లేస్తుంది. వాగులు సన్నబడి, ఇసుకలో చెలమ తీస్తే తప్ప నీళ్లు దొరకవు. దొరికే చెలమలు కొన్నే, వాటి దగ్గర కాపు వేయడం పోలీసులకు తేలిక. ఆ రోజుల్లో మలేరియా ఎటూ ఉండనే ఉండేది.

చలికాలం యుద్ధానికి ఎప్పుడూ చిక్కే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1777 డిసెంబరు 19న సేనాని వాషింగ్టన్ దాదాపు 12 వేల మందిని వ్యాలీ ఫోర్జ్‌లో దించాడు. మొద్దులు పేర్చి పద్నాలుగు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు గుడిసెలు కట్టించి, గుడిసెకు పన్నెండుగురిని పెట్టాడు. పిండి, నీళ్లు కలిపి నిప్పుల మీద కాల్చిన రొట్టె వాళ్ల తిండి. ఆరునెలల్లో 2 వేల మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది రోగాలతోనే. అందరూ ఒక్కచోట గుమిగూడటం కూడా రోగానికి దారి ఇచ్చింది.

నల్లమలలో దళాలు దీనికి ఎదురు దారి పట్టాయి. శిబిరమన్నదే లేకుండా చేసుకున్నాయి. ఈ ఉపాయం ఏ యుద్ధ గ్రంథం నుంచి వచ్చిందని వెతకడం వృథా అని నా అభిప్రాయం. అది ఆ అడవిలో అంతకుముందే ఉంది, చెంచు ఆదివాసుల పెంటల రూపంలో. 1940లో అమ్రాబాద్ చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్లమీద పుస్తకం అచ్చువేసిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ కూడా రాసింది ఈ బతుకు గురించే. పెంట అంటే కొద్ది కుటుంబాలు, చుట్టూ వెదురు తడిక అల్లి పైన గడ్డి కప్పిన గుడిసెలు, దగ్గర్లో ఒక నీటి చెలమ. గడ్డలు, తేనె, ఇప్పపువ్వు దొరికినంత మేర తిరుగుతారు, అవి తగ్గితే పక్కకు జరుగుతారు. ఆ అడవి ఒకచోట కొద్దిమందిని మించి పోషించలేదు. చెంచులు తరతరాలుగా ఈ లెక్కతోనే బతికారు. తుపాకీ పట్టుకొచ్చినవాళ్లూ అదే లెక్కకు రావలసి వచ్చింది. ఏ లోయలో ఎండాకాలం దాకా నీరు నిలుస్తుంది, ఏ బండ కింద మంట బయటికి కనబడదు అన్నది మైదానం మనిషికి ఎవరో ఒకరు చూపించాలి కదా.

శిబిరం లేని ఈ బతుకుకు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కదలిక ఆగకూడదు, చప్పుడు కాకూడదు అన్న నియమం తల్లుల మీద ఎంత బరువుగా పడిందో 1986లో స్త్రీశక్తి సంఘటన వేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో చదవొచ్చు. దళంలో పనిచేసిన కమలమ్మ తన పసిబిడ్డను ఇతరులకు ఇచ్చేయాల్సి వచ్చింది. బిడ్డ ఏడుపు ఎంతమంది ప్రాణాలమీదికి తెస్తుందో ఆమెకు తెలుసు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూచున్నాను.

1951 అక్టోబరు 21న పోరాటం విరమించారు. సుందరయ్య లెక్కలో అప్పటికి దాదాపు 4 వేల మంది చనిపోయారు. నాయకుల పేర్లు, సభలు, తీర్మానాలు పుస్తకాలకెక్కాయి. చెలమ చూపిన చెంచు పేరు, చలిరాత్రి తన గొంగడి ఇచ్చిన కాపరి పేరు ఎక్కడుందో వెతకండి, దొరకడం కష్టం. అచ్చంపేట, అమ్రాబాద్, కొల్లాపూర్ వైపు మీ ఇంట్లో తొంభై దాటిన అవ్వో తాతో ఉంటే, ఈ చలికాలమే దగ్గర కూచుని అడగండి. ఎవరికి అన్నం మూట పంపారు, చిట్టీ ఎవరు మోశారు, ఏ వాగు దాటించారు? చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టండి.