కలెక్షన్స్ (జావా సహాయక క్లాస్)

జావా భాషలో లిస్ట్, సెట్, మ్యాప్ వంటి సముదాయాలతో పనిచేసేటప్పుడు తరచూ అవసరమయ్యే మెథడ్లను ఒకచోట చేర్చిన క్లాస్ కలెక్షన్స్. ఇది జావా.యుటిల్ ప్యాకేజీలో ఉంటుంది. దీనితో ఆబ్జెక్ట్ సృష్టించడం కుదరదు. మెథడ్లన్నీ స్టాటిక్ కాబట్టి క్లాస్ పేరుతోనే పిలవాలి. చివర 'స్' లేని కలెక్షన్ వేరే సంగతి: అది ఇంటర్ఫేస్, అంటే సముదాయం ఏమేం చేయగలగాలో చెప్పే ఒప్పందం. జావా కొత్తగా నేర్చుకునేవారు ఈ రెండింటి దగ్గర తడబడటం సహజం.

1996లో వచ్చిన తొలి జావాలో వెక్టర్, హ్యాష్‌టేబుల్ వంటి కొద్ది క్లాసులే ఉండేవి. సార్టింగ్ కోడ్ ఎవరికి వారు రాసుకోవాల్సి వచ్చేది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జాషువా బ్లాక్ రూపొందించిన కలెక్షన్స్ ఫ్రేమ్‌వర్క్ 1998 డిసెంబరులో జేడీకే 1.2తో విడుదలైంది. ఈ క్లాస్ అందులో భాగమే. సార్ట్‌ను లిస్ట్ ఇంటర్ఫేస్‌లోనే పెట్టకుండా వేరే క్లాస్ ఎందుకంటే, ఆనాటి జావా ఇంటర్ఫేస్‌లో మెథడ్ పేరు ప్రకటించవచ్చు గానీ దాని కోడ్ రాయడానికి వీల్లేదు. ఆ ఇబ్బందిలోంచి ఒక మేలు కూడా కలిగింది. లిస్ట్ ఒప్పందాన్ని మాత్రమే నమ్ముకుని రాసిన ఒకే కోడ్ అర్రేలిస్ట్‌కూ లింక్డ్‌లిస్ట్‌కూ, రేపెవరో రాయబోయే లిస్ట్‌కూ పనికొస్తుంది.

ఇందులోని ఏ మెథడ్ వాడినా ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది: అది మనమిచ్చిన లిస్ట్‌నే మారుస్తుందా, లేక వేరేది ఇస్తుందా? సార్ట్, రివర్స్, షఫుల్, స్వాప్, రొటేట్ ఇచ్చిన లిస్ట్‌నే మారుస్తాయి, ఏమీ తిరిగివ్వవు. పాత వరస కూడా కావాలంటే ముందే నకలు తీసుకోవాలి. నకలు కోసం కాపీ అనే మెథడ్ ఉంది గానీ అది కొత్త లిస్ట్ తయారు చేయదు. గమ్యంలో అప్పటికే ఉన్న అంశాల స్థానంలో కొత్తవి పెడుతుంది. పది అంశాలకు చోటుండేలా సృష్టించిన ఖాళీ అర్రేలిస్ట్‌లోకి కాపీ చేయబోతే ఎక్సెప్షన్ వస్తుంది. చోటు ఉండటం వేరు, అంశాలు ఉండటం వేరు.

సార్ట్ స్థిరమైనది. పరీక్షా ఫలితాలను మొదట పేర్ల వరసలో, తర్వాత మార్కుల వరసలో సార్ట్ చేస్తే, సమానంగా మార్కులు వచ్చినవారు పేర్ల వరసలోనే ఉండిపోతారు. 2011లో వచ్చిన జావా 7 నుంచి దీని వెనుక టిమ్‌సార్ట్ పనిచేస్తోంది. పైథాన్ కోసం టిమ్ పీటర్స్ 2002లో రాసిన పద్ధతి అది. తెలుగు మాటలను సార్ట్ చేసేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. స్ట్రింగ్‌లను జావా మామూలుగా యూనికోడ్ సంఖ్యల ప్రకారం పోలుస్తుంది. యూనికోడ్‌లో ఱ అక్షరం ర పక్కన, ళ అక్షరం ల పక్కన ఉంటాయి, వ ఆ తర్వాత వస్తుంది. అందుకని 'కళ' ముందు, 'కవి' తర్వాత వస్తాయి. బడిలో నేర్చిన వర్ణమాల ప్రకారం కవే ముందు రావాలి. ఆ వరస కావాలంటే సార్ట్‌కు సొంత కంపారేటర్, అంటే రెండింటిలో ఏది ముందో చెప్పే ఆబ్జెక్ట్, ఇవ్వక తప్పదు.

బైనరీసెర్చ్ అప్పటికే సార్ట్ చేసిన లిస్ట్‌లో వెతుకుతుంది. సార్ట్ చేయని లిస్ట్ ఇస్తే ఏ జవాబైనా రావచ్చు, హెచ్చరిక మాత్రం రాదు. వెతికింది దొరకకపోతే అది ఉండాల్సిన స్థానాన్ని ఋణసంఖ్యలో దాచి ఇస్తుంది: స్థానం 3 అయితే జవాబు -4. సున్నా స్థానానికి ఋణ రూపం ఉండదు కాబట్టి ఒకటి అదనంగా తీసేస్తారు. ఎంతో చక్కని ఏర్పాటు ఇది.

ఈ వెతుకులాట కోడ్‌కు ఓ చరిత్ర ఉంది. జావా లైబ్రరీ కోసం తాను రాసిన బైనరీ సెర్చ్‌లో ఏళ్ల తరబడి ఒక తప్పు దాగి ఉందని జాషువా బ్లాక్ 2006లో బహిరంగంగా చెప్పారు. మధ్య స్థానం కోసం రెండు చివరలనూ కూడి రెండుతో భాగించడమే ఆ తప్పు. అంశాలు దాదాపు 107 కోట్లు దాటితే, ఆ మొత్తం ఇంట్ పరిమితి అయిన 214 కోట్ల పైచిలుకును మించి ఋణసంఖ్యగా మారిపోతుంది. మొదట రాసినప్పుడు అంత పెద్ద అర్రేలు ఎవరి దగ్గరా లేకపోవడం వల్ల అది బయటపడలేదు. తన తప్పును అంత వివరంగా లోకానికి చెప్పడం ఈ రంగానికి ఆయన చేసిన మేలు.

అన్‌మాడిఫైయబుల్‌లిస్ట్ కొత్త లిస్ట్ కాదు, పాత లిస్ట్ మీద అమర్చిన అద్దం లాంటిది. అద్దం ఇవతలివారు చూడగలరు, ముట్టుకోలేరు. అంశం చేర్చబోతే ఎక్సెప్షన్ వస్తుంది. అయితే అసలు లిస్ట్ చేతిలో ఉన్నవారు దాన్ని మారిస్తే ఆ మార్పు అద్దంలోనూ కనిపిస్తుంది. ఇక మారదనుకుని నిశ్చింతగా ఉండటానికి లేదు. పలు థ్రెడ్లు ఒకేసారి వాడే లిస్ట్‌కు సింక్రనైజ్డ్‌లిస్ట్ కూడా అలాంటి తొడుగే. ఒక్కో పిలుపుకు తాళం వేస్తుంది గానీ, లిస్ట్ మొత్తాన్ని వరసగా చదివేటప్పుడు తాళం ప్రోగ్రామరే వేసుకోవాలి. ఎన్‌కాపీస్ మాత్రం ముచ్చటైన మెథడ్: లక్ష నకళ్లు అడిగినా లోపల ఒకే ఆబ్జెక్ట్‌ను, ఒక సంఖ్యను దాచుకుంటుంది.

2014 మార్చిలో వచ్చిన జావా 8 ఇంటర్ఫేస్‌లలో కోడ్ రాయడానికి వీలు కల్పించడంతో సార్ట్ లిస్ట్‌లోకే చేరింది. కలెక్షన్స్‌లోని సార్ట్ ఇప్పుడు ఆ పనిని లిస్ట్‌కే అప్పగిస్తుంది. ఏ లిస్ట్ నుంచైనా మార్చడానికి వీల్లేని నకలును ఒక్క పిలుపుతో ఇచ్చే కాపీఆఫ్ 2018 మార్చిలో వచ్చిన జావా 10లో చేరింది. దాని చోటు కలెక్షన్స్‌లో కాదు, లిస్ట్ ఇంటర్ఫేస్‌లోనే.