పెరటి చెట్టే మందయిన కథ

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని మనలో ఒక సామెత వున్నది. చేతికి అందేదానికి విలువ వుండదని చెప్పటానికి పెద్దలు ఈ మాట వాడుతూ వచ్చారు. రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! కూరగాయల పాదుల విషయంలో ఈ సామెత ఎంతవరకు నిజమో, మన వేపచెట్టు చరిత్ర తెలుసుకుని మీరే తేల్చండి.

మొక్కల పోషణ, చీడల నివారణ గురించి మన దేశంలో పూర్వమే గ్రంథాలు పుట్టాయి. సుమారు వెయ్యేళ్ల కిందట సురపాలుడనే పండితుడు సంస్కృతంలో "వృక్షాయుర్వేదం" రచించాడు. మనుషులకు వున్నట్లే చెట్లకూ వాత పిత్త కఫ దోషాలు వుంటాయని ఆయన భావన. పురుగు పట్టిన చెట్టుకు పొగ వేయటం, ఔషధాలతో పూత పెట్టటం వంటి చికిత్సలు అందులో చెప్పాడు. ఆ గ్రంథపు ప్రతి ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో వుండిపోయింది. 1996లో నళినీ సాధలే చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని మన సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రిహిస్టరీ ఫౌండేషన్ అచ్చు వేసింది. అందులోని ప్రతి చికిత్సనూ కళ్లు మూసుకుని నమ్మనక్కరలేదు. కాని చీడను గమనించి, దానికి తగిన ఉపాయం వెదకటం మనకు కొత్త విద్య కాదని మాత్రం తెలుస్తున్నది.

ఏ గ్రంథమూ చదవని ఇల్లాలికి కూడా తన పాటి విద్య తెలుసు. ఆనపపాదు మీద, గుమ్మడిపాదు మీద పెంకు పురుగులు వాలితే, ఆకుల మీద మంచు తడి ఆరకముందే పొయ్యిలోని బూడిద చల్లేది. పప్పుల కుండల్లో, ధాన్యపు గాదెల్లో ఎండిన వేపాకు వేసేది. మొక్క మొదట్లో వేపపిండి కలిపేది. ఇందులో ఖర్చు లేదు, భయమూ లేదు. పొద్దున బూడిద చల్లిన పాదు నుంచి సాయంత్రం కాయ కోసుకుని, కడిగి వండుకోవచ్చు.

తరువాత కొత్త మందుల కాలం వచ్చింది. 1939లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్ డి.డి.టి.కి పురుగులను చంపే శక్తి వున్నదని కనిపెట్టాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. మలేరియా దోమల మీద ఆ మందు చేసిన మేలు సామాన్యమైనది కాదు. మన దేశంలో దాని తయారీ కోసం 1954లో హిందుస్తాన్ ఇన్‌సెక్టిసైడ్స్ సంస్థను స్థాపించారు. ఒక్కసారి చల్లితే పురుగు రాలిపోతుంటే, బూడిద చేట ఎవరికి గుర్తుంటుంది?

అయితే పురుగు తక్కువది కాదు గదా! 1946 నాటికే స్వీడనులో ఇళ్ల ఈగలు డి.డి.టి.కి లొంగటం మానేశాయి. అమెరికాలోని కాలిఫోర్నియా కథ ఇంకా విచిత్రమైనది. అక్కడి నారింజ తోటలను పొలుసు పురుగు పీల్చి పాడు చేస్తుంటే, 1888లో ఆస్ట్రేలియా నుంచి ఒక రకం అక్షింతల పురుగును తెచ్చి వదిలారు. అది పొలుసు పురుగును తిని తోటలను కాపాడింది. 1940ల చివర ఆ తోటల్లో డి.డి.టి. చల్లేసరికి, కాపలా కాసే అక్షింతల పురుగు చచ్చింది; అణిగివున్న పొలుసు పురుగు మళ్లీ విజృంభించింది. మందు మిత్రుణ్ణీ శత్రువునూ వేరు చేసి చూడదు. మన దేశంలో 1989లో వ్యవసాయానికి డి.డి.టి. వాడకం నిషేధించారు.

ఈ లోగా వేపచెట్టు వైపు శాస్త్రజ్ఞుల చూపు మళ్లింది. 1959లో సూడానులో మిడతల దండు పచ్చనిదంతా తినేసి, వేపచెట్లను మాత్రం వదిలిపెట్టటం జర్మన్ శాస్త్రజ్ఞుడు ష్ముట్టెరర్ కళ్లారా చూశాడు. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో డాక్టరు ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పప్పును నూరి, నీటిలో కలిపి పైర్ల మీద చల్లి చూశారు. మిడతలు వాలాయి గాని తినలేదు. పురుగుమందుల వల్ల కలిగే చేటును వివరిస్తూ రేచెల్ కార్సన్ "సైలెంట్ స్ప్రింగ్" ప్రచురించినది కూడా ఆ సంవత్సరమే. 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గన్ అనేవారు వేపగింజ నుంచి అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. దీనివల్ల పురుగుకు తిండి సయించదు. పిల్లపురుగు సరిగా కుబుసం విడవలేక ఎదుగుదల ఆగిపోతుంది. ఈ పదార్థాన్ని ప్రయోగశాలలో మొదటినుంచి తయారు చేయటానికి కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులకు 22 సంవత్సరాలు పట్టింది. 2007లో గాని అది సాధ్యం కాలేదు. మన వేపచెట్టు ఏటా చప్పుడు లేకుండా చేస్తున్న పని అది!

విలువ తెలిశాక హక్కుదారులూ బయలుదేరారు. వేపనూనెతో బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతి మీద 1994లో యూరపు పేటెంటు కార్యాలయం అమెరికా వ్యవసాయ శాఖకు, డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీకి పేటెంటు ఇచ్చింది. ఇది భారతదేశంలో ముందే తెలిసిన విద్య అని వందనా శివ మొదలైనవారు వాదించారు. 2000లో ఆ పేటెంటు రద్దయింది. అప్పీలు కూడా 2005లో కొట్టివేశారు.

మన ఖమ్మం ప్రాంతంలోని పునుకుల గ్రామం మాట కూడా చెప్పుకోవాలి. పురుగుమందుల అప్పులతో విసిగిన అక్కడి పత్తి రైతులు ఈ శతాబ్దం తొలి ఏళ్లలో వేపగింజల కషాయం వంటి పద్ధతులకు మళ్లారు. తమది పురుగుమందులు వాడని గ్రామమని ప్రకటించుకున్నారు. పత్తిచేనుకే సాధ్యమైనది మన పెరటికి ఎందుకు సాధ్యం కాదు?

మీరూ చేసి చూడండి. ఎండిన వేపగింజల పప్పు పొడి 50 గ్రాములు గుడ్డలో మూట కట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఆ మూటను బాగా పిండి, నీటిని పల్చని గుడ్డతో వడగట్టండి. ఆకులకు అంటుకోవటానికి చిటికెడు సబ్బుపొడి కలపండి. ఎండకు దీని బలం తగ్గిపోతుంది గనుక సాయంత్రం పూటే, ఆకుల అడుగువైపు కూడా తడిసేట్లు చల్లండి. వారం తరువాత మళ్లీ చల్లాలి. తెల్లవారేసరికి పురుగులన్నీ చచ్చి పడతాయని చూడవద్దు; అవి తిండి మానటం మెల్లగా తెలుస్తుంది.

అన్నిటికీ ఇదే మందని కూడా అనుకోవద్దు. వంగ కొమ్మలోకి, కాయలోకి దూరిన పురుగును కషాయం చేరలేదు. వాడిన కొమ్మను పురుగున్నంత మేర తుంచి, దూరంగా నాశనం చేయాలి. బెండ ఆకు ఈనెలు పసుపు రంగుకు తిరిగితే ఆ మొక్కను పీకివేయాలి. చిక్కుడు మీద పేనుబంకతో పాటు ఎర్రని రెక్కల మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగులు కనిపిస్తే వాటి జోలికి పోవద్దు. అవి పేనుబంకను తింటున్నాయి. ఇవన్నీ తెలియాలంటే రోజుకొకసారి ఆకు తిరగేసి చూడటమే మార్గం. పాత ఇల్లాలి విద్యలో బూడిద కన్నా, వేప కన్నా ముఖ్యమైనది ఆ చూపే.

మన ప్రాంతాల్లో జూన్, జూలై నెలల్లో వేపపండ్లు రాలుతాయి. పిల్లల చేత ఏరించండి. గుజ్జు కడిగి, గింజలను నీడన ఆరబెట్టి, గాలి ఆడే గోనెసంచిలో దాచుకోండి. ఏడాది దాటిన గింజలో బలం వుండదు గనుక ఏటికేడు కొత్త గింజలే ఏరుకోవాలి.