కుట్టుపని ఆవిడ చెప్పిన మాట



రాచపుండు అన్నమాట వినబడితేనే మనవాళ్ళు గొంతు తగ్గించేస్తారు. వంశంలో ఉందంటే పిల్లకి సంబంధాలు తప్పిపోతాయేమోనని భయం. అందుకని ఎవరు దేనితో పోయారో చెప్పుకోరు. “ఏదో కడుపునొప్పి వచ్చి పోయింది” అని ఊరుకుంటారు. అలా దాచకుండా నోరు విప్పిన ఒక ఆవిడ కథతో, పెద్దపేగు కాన్సర్ గుట్టు ఎలా బయటపడిందో ఈవేళ చెప్పుకుందాం.

1895వ సంవత్సరం. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ఆన్ ఆర్బర్ పట్నం. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే డాక్టరు ఉండేవాడు. బట్టలు కుట్టుకుని బతికే ఒక ఆవిడ ఆయన దగ్గర దిగులు పడింది. తనవాళ్ళలో చాలామంది కడుపులోనో, పేగులోనో, గర్భసంచిలోనో కాన్సర్ వచ్చి పోయారనీ, తనూ అలాగే పోతాననీ చెప్పింది. ఆయన ఆ మాట తోసెయ్యలేదు. ఆవిడ వంశంలో ఎవరెవరు ఏ జబ్బుతో పోయారో రాయించాడు. 1913లో అచ్చు వేయించాడు. ఆ కుటుంబానికి ‘జి’ కుటుంబమని పేరు పెట్టాడు. ఆవిడ మాత్రం భయపడినట్టే గర్భసంచి కాన్సర్‌తో చిన్నవయస్సులోనే కన్నుమూసింది.

ఆ మరుసటి ఏడు, 1914లో, జర్మనీలో తియొడోర్ బోవెరీ అనే శాస్త్రజ్ఞుడు ఒక పుస్తకం రాశాడు. సముద్రపు ప్రాణుల గుడ్లు విడివడి పెరగడం చూసి చూసి, ఆయనకో ఊహ తట్టింది. మన కణాల్లో పెరుగుదలని అదుపులో పెట్టేవి ఏవో ఉండాలి. అవి పోతే కణం అడ్డూ ఆపూ లేకుండా పెరిగిపోతుంది అన్నాడు. ఆ పుస్తకాన్ని 1929లో ఇంగ్లీషులోకి తెచ్చింది ఎవరనుకున్నారు? ఆయన భార్య మార్సెల్లా. ఆవిడా జీవశాస్త్రం చదువుకున్న మనిషే. భర్త పోయిన పద్నాలుగేళ్ళకి ఆ పని పూర్తిచేసింది.

ఊహ నిజమని తేలడానికి ఇంకా నలభై ఏళ్ళు పట్టింది. 1969లో ఇంగ్లండులో హెన్రీ హారిస్, ఆయనతో పనిచేసినవాళ్ళూ, ఎలుకల కాన్సర్ కణాన్ని మామూలు కణంతో కలిపి ఒక్కటి చేశారు. కలిసిన కణం కాన్సర్ బుద్ధి మానేసింది! అంటే మంచి కణంలో చెడ్డదాన్ని అణిచే శక్తి ఉందన్నమాట. 1971లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ పసిపిల్లల కంటిలో వచ్చే ఒక కాన్సర్ లెక్కలు తీసి, ఆ శక్తి ఎలా పోతుందో చెప్పాడు.

ఆయన చెప్పింది మనింటి తలుపుతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. తలుపుకి పైన ఒక గడియ, కింద ఒక గడియ ఉన్నాయనుకోండి. ఒకటి ఊడినా రెండోది తలుపుని పట్టుకునే ఉంటుంది. మనలో ప్రతి జన్యువూ అలాగే జంటగా ఉంటుంది, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. కాన్సర్‌ని అణిచే జన్యువు రెండు ప్రతులూ పాడైతేనే దొంగ లోపలికి వస్తాడు. కొందరు ఒక గడియ ఊడిపోయిన తలుపుతోనే పుడతారు. రెండోది ఊడటానికి ఎంతసేపు? వంశంలో జబ్బు చిన్నవయస్సులోనే రావడానికి కారణం అదీ.

మరి పెద్దపేగు సంగతి? లండన్‌లో సెయింట్ మార్క్స్ ఆస్పత్రివాళ్ళు 1920లనుంచీ కొన్ని కుటుంబాల వివరాలు రాసి పెడుతూ వచ్చారు. ఆ కుటుంబాల్లో పిల్లలకి పదిహేనేళ్ళు దాటేసరికే పేగులో వందలకొద్దీ చిన్న బొడిపెలు లేచేవి. వైద్యం లేకపోతే నలభై ఏళ్ళు వచ్చేసరికి దాదాపు అందరికీ కాన్సరే. ఆ బొడిపెలకి కారణమైన జన్యువు 5వ క్రోమోసోములో ఉందని 1987లోనూ, అది ఫలానాదని 1991లోనూ కనిపెట్టారు. దాని పేరు ఎ.పి.సి. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతూ ఉంటుంది. “చాలు, ఇక ఆగు” అని కణానికి చెప్పేది ఈ జన్యువు. వంశంలో ఏమీ లేకుండా వచ్చే పెద్దపేగు కాన్సర్లలో కూడా నూటికి ఎనభైవరకూ ఇది పాడయ్యే ఉంటుంది.

పి-53 అని ఇంకొకటుంది. 1979లో అది దొరికినప్పుడు కాన్సర్ తెచ్చే దొంగ అదే అనుకున్నారు. పదేళ్ళు అలాగే అనుకున్నారు. 1989లో బాల్టిమోర్‌లో బెర్ట్ వోగెల్‌స్టైన్ బృందం పెద్దపేగు గడ్డలు పరీక్షించి చూస్తే, అది దొంగ కాదు, కాపలావాడు! అంతకుముందు పరీక్షించినవి చెడిపోయిన ప్రతులు. 1990లో వాళ్ళే చెప్పారు: కాన్సర్ ఒక్కరోజులో రాదు, ఒక్కొక్క జన్యువే చెడుతూ మెట్టుమెట్టుగా, ఏళ్ళ తరబడి వస్తుందని.

జన్యువు పనిచెయ్యకుండా పోయే దారులు చాలానే ఉన్నాయి. పుస్తకంలో వాక్యం మధ్యలోనే చుక్క పడ్డట్టు సగంలో తెగిపోవడం ఒకటి. పుట మొత్తం చిరిగిపోవడం ఇంకొకటి. మూడోది చిత్రమైనది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, పుటలు మాత్రం బంక అంటుకున్నట్టు అతుక్కుపోతాయి. పుస్తకం ఉంటుంది, చదవడానికే తెరుచుకోదు. పెద్దవయస్సులో వచ్చే కొన్ని పేగు కాన్సర్లలో ఎమ్.ఎల్.హెచ్.-1 అనే జన్యువు ఇలాగే మూగబోతుందని 1997, 98లలో తేలింది.

ఆ ‘జి’ కుటుంబం మాటేమిటంటారా? 1960లలో హెన్రీ లించ్ అనే డాక్టరు అలాంటి కుటుంబాలని వెతికాడు. సాంఘిక సేవకురాలు ఆన్ క్రష్ ఆయనకి తోడు నిలిచింది. ఇద్దరూ కలిసి 1971లో ‘జి’ కుటుంబం కథని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. చివరికి 2000లో ఆ వంశంలో ఊడిన గడియ ఏదో దొరికింది. అది ఎమ్.ఎస్.హెచ్.-2 అనే జన్యువు. కణం విడివడేటప్పుడు జన్యువుల రాతలో పడే తప్పులు దిద్దడం దాని పని. అది పోతే తప్పులు పేరుకుపోతాయి. ఆవిడ మాటకి జవాబు రావడానికి నూట అయిదేళ్ళు పట్టింది.

ఇప్పుడు ఆవిడలాంటివాళ్ళు చావుకోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. తల్లికిగానీ తండ్రికిగానీ ఆ లోపం ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. ఉన్నదని తేలితే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి గొట్టం వేసి పేగు చూపించుకోవాలి. 1969లో న్యూయార్క్ డాక్టర్లు ఆ గొట్టంలోంచే బొడిపెలు తీసెయ్యడం మొదలుపెట్టారు. బొడిపెగా ఉండగానే తీసేస్తే అది కాన్సర్ కాలేదు.

ఇలా వంశంలో వచ్చేవి నూటికి అయిదారే. అందరూ హడలిపోనక్కరలేదు. అయితే మన ఆడవాళ్ళలో ఒక అలవాటుంది. రక్తం తక్కువైతే బహిష్టులమీదకీ, విరోచనంలో రక్తం పడితే మొలలమీదకీ తోసేస్తాం. అడగడానికి సిగ్గు. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపించినా చెప్పం. దయచేసి డాక్టరుకి చెప్పండి.

ఇంకొక పని. మన ఇళ్ళల్లో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరి తద్దినం ఏ తిథినాడో మనకి కంఠతా వచ్చు. పుట్టింటివైపూ, అత్తింటివైపూ ఎవరు ఏ జబ్బుతో, ఎన్నో ఏట పోయారో కూడా ఒక కాగితంమీద రాసి ఉంచండి. అది పరువు తీసే కాగితం కాదమ్మా, పిల్లల ప్రాణం కాపాడే కాగితం.