ఎదుటి జట్టు కప్పు ఎత్తుకున్న రోజులు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, మన బడి పిల్లలు ఆటల్లో గెలిచిన కప్పుల గురించి రాద్దామనుకున్నాను. ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళు రాస్తారు. నేను వేరే రోజుల చరిత్ర రాస్తాను. అవి మనకు గిట్టని జట్టు కప్పు ఎత్తుకున్న రోజులు.

మన జట్టు ఓడితే బాధ. గిట్టని జట్టు గెలిస్తే కలిగేది ఇంకొకటి. ఆ మ్యాచ్‌లో మనవాళ్ళు లేకపోయినా అన్నం సయించదు. రాత్రి పడుకుంటే వాళ్ళ కెప్టెన్ నవ్వే కళ్ళముందు కనపడుతుంది. నందికొట్కూరులో పెరిగిన మా తరానికి ఈ జబ్బు రేడియో ద్వారా వచ్చింది. పెద్ద మ్యాచ్ కళ్ళారా చూసే యోగం మాకు లేదు. పరిధి ప్రకారం మనది ఆంధ్ర జట్టు. 1953-54లో అది మొదటిసారి రంజీ ఆడినప్పుడు సి.కె. నాయుడు అంతటి వాడు కెప్టెన్‌గా ఉన్నాడు గానీ, రంజీ ట్రోఫీ మాత్రం ఆంధ్రకు ఎప్పుడూ దక్కలేదు. అందుకని మా మనసు హైదరాబాద్ మీద, అక్కడి అజహరుద్దీన్ మీద ఉండేది. 1984-85లో ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ కొట్టినవాడు మనవైపు వాడంటే మాకు ఎంత గర్వమో! ఎండాకాలం పగుళ్ళు తేలిన నేలమీద, వడ్లాయన చెక్కిచ్చిన బ్యాటుతో ఆడే ప్రతివాడూ మణికట్టు తిప్పి అజహర్ లాగా కొట్టాలనే చూసేవాడు.

షార్జా, 1986

1986 ఏప్రిల్ 18, శుక్రవారం. షార్జాలో ఆస్ట్రలేసియా కప్ ఫైనల్. గవాస్కర్ 92, శ్రీకాంత్ 75, వెంగ్‌సర్కార్ 50 పరుగులు చేస్తే మన స్కోరు 245కి చేరింది. పాకిస్తాన్ వికెట్లు పడుతూనే ఉన్నా ఒక్క జావేద్ మియాందాద్ కదలలేదు.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. టీ హోటల్ బయట ఒక ట్రాన్సిస్టర్ చుట్టూ పదిహేను మందిమి ఉన్నాం. వ్యాఖ్యానం హిందీలో వస్తుంటే మాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మా తరగతివాడు ఒకడు బంతి బంతికీ మాకు తెలుగులో చెప్పేవాడు. వాడి పేరు ఇక్కడ రాయను. మేమంతా వాడిని మామా అనేవాళ్ళం, వాడూ మమ్మల్ని మామా అనేవాడు. పీర్ల పండగకు మేము వాళ్ళ వీధికి పోయేవాళ్ళం, ఉగాదికి వాడు మా ఇంట్లో ఓళిగలు తినేవాడు.

చివరి ఓవర్‌లో వాళ్ళకు 11 పరుగులు కావాలి. బౌలర్ చేతన్ శర్మ. ఆ ఓవర్లో రెండు వికెట్లు పడ్డాయి. అయిదో బంతికి తొసీఫ్ అహ్మద్ ఒక పరుగు కోసం పరిగెత్తాడు. అజహరుద్దీన్ విసిరిన బంతి వికెట్లకు తగల్లేదు. తగిలి ఉంటే మ్యాచ్ అక్కడితో అయిపోయేది. ఆఖరి బంతికి నాలుగు పరుగులు కావాలి. యార్కర్ వేయబోతే బంతి ఫుల్‌టాస్ అయింది. ట్రాన్సిస్టర్‌లో అరుపులు వినపడ్డాయి, ఏం జరిగిందో మాకు అర్థం కాలేదు. అందరం వాడి మొహం చూశాం. వాడు కాసేపు ఏమీ అనలేదు. "సిక్సరు కొట్నాడు మామా, అయిపాయె" అన్నాడు.

ఆ ఒక్క బంతి చరిత్రలో ఎంత పెద్దదో మీకు తెలుసు. చాలా ఏళ్ళపాటు చేతన్ శర్మ అంటే ఆ ఫుల్‌టాసే. రెండు నెలలు కూడా తిరగకముందే జూన్‌లో లార్డ్స్ టెస్టులో అతను ఒక ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడని, ఆ మ్యాచ్ మనం గెలిచామని ఎంతమందికి గుర్తుంది? 1987 అక్టోబర్ 31న నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద ప్రపంచ కప్ చరిత్రలోనే మొదటి హ్యాట్రిక్ తీసిందీ అతనే. ఎదుటివాడి గెలుపు మింగుడు పడక, మనవాడినే ఒకడిని పట్టుకుని ఏళ్ళ తరబడి తిట్టాం.

మరుసటి రోజు బడిలో జరిగిందే నేను ఇక్కడ చెప్పవలసింది. అజహర్ విసిరిన ఆ బంతి తగలకపోవడానికి మాలో ఒకడు వేరే అర్థం తీశాడు. ఎవరూ వాడిని ఆపలేదు. తర్వాత మా మామా లోపలికి వచ్చి ఎప్పటిలాగే నా పక్కన కూర్చున్నాడు. "మీవోళ్ళు గెలిచినారు గదా, మిఠాయి ఎప్పుడు పెడ్తావ్?" అన్నది ఎవరో కాదు, నేనే. అందరూ నవ్వారు. వాడు నావైపు ఒకసారి చూసి, పుస్తకం తెరిచి చదువుకోవడం మొదలుపెట్టాడు. ముందురోజు సాయంత్రం ఆ వార్త మాకు చెప్పేటప్పుడు వాడి గొంతు ఎలా ఉందో అందరికంటే దగ్గరగా విన్నది నేను. అయినా అన్నాను. ఆ తర్వాత వాడు మాకు వ్యాఖ్యానం చెప్పడం మానేశాడు. అడిగితే "నాకూ సరిగ్గా వినపడలే" అనేవాడు.

మెల్‌బోర్న్, 1992

గిట్టని జట్టు గెలుపులో అన్నిటికంటే మండేది, మనం ఓడించిన జట్టే చివరికి కప్పు ఎత్తుకోవడం. 1992 ప్రపంచ కప్‌లో అదే జరిగింది. మార్చి 4న సిడ్నీలో అజహరుద్దీన్ కెప్టెన్సీలో మనం 216 పరుగులు చేసి, పాకిస్తాన్‌ను 173కే పడగొట్టాం. వికెట్ కీపర్ కిరణ్ మోరేను వెక్కిరిస్తూ మియాందాద్ కప్పలా గెంతింది ఆ మ్యాచ్‌లోనే. మన లెక్కలో వాళ్ళ పని అయిపోయింది.

అంతకు మూడు రోజుల ముందే, మార్చి 1న అడిలైడ్‌లో వాళ్ళు ఇంగ్లండ్ మీద 74 పరుగులకే ఆలౌటయ్యారు. ఓటమి ఖాయం అనుకుంటుండగా వాన వచ్చింది. మ్యాచ్ రద్దయి రెండు జట్లకూ చెరొక పాయింటు ఇచ్చారు. లీగ్ దశ ముగిసేసరికి పాకిస్తాన్‌కు 9 పాయింట్లు, ఆస్ట్రేలియాకు 8. ఆ వాన పాయింటే వాళ్ళను సెమీఫైనల్‌కు చేర్చింది. మనం ఏడో స్థానంలో ఆగిపోయాం. ఆక్లండ్‌లో ఇంజమామ్ 37 బంతుల్లో 60 కొట్టాడు. మార్చి 25న మెల్‌బోర్న్‌లో ఇంగ్లండ్‌ను 22 పరుగులతో ఓడించి ఇమ్రాన్ ఖాన్ కప్పు అందుకున్నాడు.

మన సీమవాళ్ళం వాన కోసం ఆకాశంవైపు చూస్తూ బతికేవాళ్ళం. ఆ వాన పోయి పోయి అడిలైడ్‌లో, అదీ వాళ్ళ కోసం పడిందే అని నేను ఎన్నాళ్ళు తిట్టుకున్నానో. కానీ ఇప్పుడు చూస్తే వాన ఇచ్చింది ఒక్క పాయింటే. చివరి అయిదు మ్యాచ్‌లూ వరసగా గెలిచింది వాళ్ళే. అభిమానికి ఈ రెండో లెక్క చెవికెక్కదు, మొదటిది మాత్రం ముప్పై ఏళ్ళైనా మరపు రాదు.

చెన్నై, 1999

ఈ కోపం ఎటు పోతుంది? 1996 మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో అది సీసాలై మైదానంలో పడింది. ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో శ్రీలంక మీద మన స్కోరు 8 వికెట్లకు 120 దగ్గర ఉండగా జనం సీసాలు విసిరారు, సీట్లకు నిప్పు పెట్టారు. రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశాడు. వినోద్ కాంబ్లీ ఏడుస్తూ బయటికి వచ్చాడు.

1999 జనవరిలో పాకిస్తాన్ జట్టు మన దేశానికి వస్తోందని ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లాలో పిచ్ తవ్వేశారు. అంత వేడిలో చెన్నై చెపాక్‌లో మొదటి టెస్టు మొదలైంది. మన లక్ష్యం 271. నడుం నొప్పితో సచిన్ టెండూల్కర్ 136 పరుగులు చేశాడు. 254 దగ్గర అతను అవుటయ్యే సమయానికి ఇంకా 17 పరుగులు కావాలి, చేతిలో మూడు వికెట్లున్నాయి. నాలుగు పరుగులు చేసేలోపే ఆ మూడూ పడిపోయాయి. 258 ఆలౌట్, 12 పరుగులతో ఓటమి. సక్లయిన్ ముస్తాక్‌కు మ్యాచ్‌లో పది వికెట్లు. అది జనవరి 31, ఆదివారం.

చెపాక్ కాసేపు మూగబోయింది. ఆ తర్వాత జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకపోయేసరికి వసీం అక్రం జట్టు మైదానం చుట్టూ తిరిగి వాళ్ళకు కృతజ్ఞత చెప్పుకుంది. నేను దాన్ని టీవీలో చూశాను. నాకు మా తరగతి గది గుర్తొచ్చింది. నాకంటే పెద్ద బాధలో ఉన్న వేలమంది ఆ బాధను ఎవరి మీదా విసరకుండా నిలబడ్డారు.

అదేదో మన దేశమంతా ఒక్కరోజులో మారిపోయిందని కాదు. ఇరవై రోజులకే, ఫిబ్రవరి 20న, ఈడెన్‌లో మళ్ళీ గొడవ జరిగింది. షోయబ్ అఖ్తర్‌కు తగిలి సచిన్ రనౌటయ్యాడని ముందురోజు మొదలైన అల్లరి ఎంతకీ తగ్గకపోతే పోలీసులు స్టాండ్లు ఖాళీ చేయించారు. ఖాళీ మైదానంలో పాకిస్తాన్ గెలిచింది. ఈ రెండు మ్యాచ్‌లలోనూ మన కెప్టెన్ అజహరుద్దీనే. అదే ఏడాది జూన్ 8న, కార్గిల్ యుద్ధం జరుగుతుండగా, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పాకిస్తాన్‌ను 47 పరుగులతో ఓడించిన జట్టుకూ అతనే కెప్టెన్. 1986లో ఒక గురి తప్పిన బంతికి మా తరగతిలో తీసిన అర్థాన్ని ఆరోజు తల్చుకుని తల దించుకున్నాను.

అహ్మదాబాద్, ఆ తర్వాత ఉప్పల్

2000 తర్వాత మన పిల్లలకు గిట్టని జట్టు మారింది. ఇప్పుడది ఆస్ట్రేలియా. 2003 మార్చి 23న జోహన్నెస్‌బర్గ్‌లో పాంటింగ్ 140 నాటౌట్, గిల్‌క్రిస్ట్ 57, స్కోరు 2 వికెట్లకు 359. మనం 125 పరుగులతో ఓడిపోయాం. ఆ గిల్‌క్రిస్టే ఆరేళ్ళ తర్వాత, 2009 మే 24న, అదే జోహన్నెస్‌బర్గ్‌లో దక్కన్ చార్జర్స్ కెప్టెన్‌గా హైదరాబాద్‌కు ఐపీఎల్ కప్పు తెచ్చాడు. మన పిల్లలు గిల్లీ గిల్లీ అని ఎగిరారు. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్ కూడా ఆస్ట్రేలియావాడే. లాక్‌డౌన్‌లో అతను బుట్టబొమ్మ పాటకు గంతులేస్తే మన ఇళ్ళలో ముసలమ్మలు కూడా చూసి నవ్వారు.

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ ఫైనల్. అంతపెద్ద జనాన్ని నిశ్శబ్దం చేయడం కంటే తృప్తి ఇంకేముంటుందని ముందురోజు అన్న ప్యాట్ కమిన్స్, అన్నట్టే చేశాడు. ట్రావిస్ హెడ్ 137 కొట్టాడు. పది మ్యాచ్‌లు వరసగా గెలిచి వచ్చిన మనం ఆరు వికెట్లతో ఓడాం. సరిగ్గా నెలకు, డిసెంబర్ 19న, ఐపీఎల్ వేలంలో హైదరాబాద్ కమిన్స్‌ను 20.50 కోట్లకు, హెడ్‌ను 6.80 కోట్లకు కొనుక్కుంది. 2024 ఏప్రిల్ 15న బెంగళూరుపై హెడ్ 39 బంతుల్లో సెంచరీ కొట్టి, జట్టు 287 చేసినప్పుడు, నవంబర్‌లో అతన్ని తిట్టిన మా అన్న కొడుకే ఇల్లు పైకప్పు లేచేటట్టు అరిచాడు. ఆ మే 26న చెపాక్ ఫైనల్‌లో కమిన్స్ జట్టు 113కే ఆలౌటై ఓడిపోతే, కమిన్స్ పాపం అన్నాడు.

ఇది ద్రోహమేమీ కాదు. చొక్కా రంగు మారితే గిట్టనివాడు మనవాడవుతాడు. మనమూ పుట్టింది కర్నూలు జిల్లా వాళ్ళం, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా వాళ్ళం. ఆటలో శత్రుత్వం ఈ మాత్రపుదే. ఆ కాసేపు కోపం ఉండాలి, లేకపోతే ఆట రుచించదు. కానీ ఆటగాడి మీది కోపం వేలంతో పోతుంది, పక్కన కూర్చున్నవాడిని అన్న మాట పోదు.

అహ్మదాబాద్ ఫైనల్ రోజు రాత్రి పదకొండు దాటాక నాకు ఫోన్ వచ్చింది. మా మామానే. చాలా ఏళ్ళుగా ఊరు విడిచి ఉంటున్నాడు. మన సంఘం సమావేశాల పుణ్యమా అని మళ్ళీ మాటలు కలిశాయి.

"ఏం మామా, అన్నం తింటివా?"

"యాడ తినేది. నువ్వు?"

"నేనూ తినలే. పిల్లోడు ఏడ్చి ఏడ్చి పండుకున్నాడు."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ముప్పై ఏడేళ్ళ నాటి మాట అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేకపోయాను. ఎదురుగా చెప్పలేనిది ఈ సంచికలో రాస్తున్నాను. మామా, ఆరోజు షార్జాలో ఓడింది నువ్వు కూడా. ఆ ఓటమిని నీకు కాకుండా చేసినవాడిని నేను. అది తప్పు. స్వర్ణోత్సవానికి వస్తున్నావని విన్నాను. ఈసారి మిఠాయి నేను తెస్తాను. వచ్చే మ్యాచ్‌కు ట్రాన్సిస్టర్ ఉండదు గానీ, పక్కన కూర్చుని నువ్వు చెప్తే వింటాను.