క్వార్టర్‌బ్యాక్‌కి కొలబద్ద ఏది?

1960ల మొదట్లో అమెరికాలో ఉంటున్న ఒక భారతీయుడికి చిత్రమైన ప్రాజెక్టు తగిలింది. ఆయన పేరు సలాం ఖురేషీ. ఐబీఎం వాళ్ళ అనుబంధ సంస్థ సర్వీస్ బ్యూరో కార్పొరేషన్‌లో పని. క్లయింటు డల్లాస్ కౌబాయ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు. కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళలో ఎవరు ప్రొఫెషనల్ ఆటకి పనికొస్తారో కంప్యూటర్ చెప్పాలి, అదీ రిక్వైర్‌మెంటు. ఖురేషీకి తెలిసిన ఆట క్రికెట్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో డొమైన్ నాలెడ్జి సున్నా. ఇన్సూరెన్స్ పాలసీ మొహం చూడకుండానే ఇన్సూరెన్స్ ప్రాజెక్టులు డెలివరీ చేసిన మనకి ఇందులో ఆశ్చర్యపోయేదేం లేదనుకోండి :)

అసలు కథలోకి వెళ్ళేముందు ఆట గురించి రెండు ముక్కలు. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అందులో క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టుకి మెదడు. బంతి చేతికొచ్చాక అతనికి ఉండే టైము రెండున్నర, మహా అయితే మూడు సెకన్లు. ఆలోపు అవతలి జట్టు ఏం ఎత్తు వేసిందో కనిపెట్టాలి, మనవాళ్ళలో ఎవడు ఖాళీగా ఉన్నాడో చూడాలి, వాడు రాబోయే చోటికి బంతి విసరాలి. ఇదంతా నూటపాతిక కిలోల మనుషులు మీదపడి నలిపెయ్యడానికి వస్తుండగా! ఇక డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలంలాంటిది కాదు. పాట ఉండదు, వంతు ఉంటుంది. కిందటి సీజన్‌లో అందరికంటే చెత్తగా ఆడిన జట్టుకి మొదటి వంతు. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ ఆలోచన ఇది, 1936లో మొదలైంది. తొలి డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన జే బెర్వాంగర్ ప్రొఫెషనల్ ఆట ఒక్కటీ ఆడనే లేదు. శకునం అప్పుడే పలికింది!

కౌబాయ్స్ జనరల్ మేనేజర్ టెక్స్ ష్రామ్ అంతకుముందు సీబీఎస్ టీవీలో పనిచేశాడు. 1960 స్క్వావ్యాలీ వింటర్ ఒలింపిక్స్‌లో ఐబీఎం కంప్యూటర్ లెక్కలు కట్టడం చూశాడు. అదే ఏడు పుట్టిన తన జట్టు తొలి సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. పన్నెండింట్లో పదకొండు ఓటములు, ఒక డ్రా. అలాంటి స్థితిలో ఎవరైనా కంప్యూటర్‌నీ నమ్ముతారు, జ్యోతిష్యాన్నీ నమ్ముతారు.

ఖురేషీకి ఎదురైన చిక్కు ప్రోగ్రామింగ్‌లో కాదు, మాటల్లో. స్కౌట్లు, అంటే దేశమంతా తిరిగి కాలేజీ మ్యాచులు చూసి రిపోర్టులు రాసేవాళ్ళు, "చురుకైనవాడు", "గట్టివాడు", "పోరాడతాడు" అని రాసేవారు. ఒకడి చురుకుకీ ఇంకొకడి చురుకుకీ పొంతన ఉండదు. నేనూ అప్పుడప్పుడు ఇంటర్వ్యూలు తీసుకుంటాను. ఫీడ్‌బ్యాక్ ఫారంలో "లాజిక్ గుడ్, కమ్యూనికేషన్ యావరేజ్" అని గీకేసినప్పుడల్లా ఈయనే గుర్తొస్తాడు. యావరేజ్ అంటే ఏమిటి నాయనా అని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఖురేషీ అడిగాడు. కోచ్‌లనీ స్కౌట్లనీ కూర్చోబెట్టి, మీరు వాడే మాటలకి అర్థం చెప్పండి, ఆ అర్థానికి అంకె వెయ్యండి అన్నాడు. వందల లక్షణాలతో మొదలై వడగట్టగా, వడగట్టగా అయిదు మిగిలాయి. నడవడిక, శరీరాన్ని అదుపులో పెట్టుకుంటూ చురుగ్గా కదలడం, పోటీతత్వం, బుర్ర చురుకు, బలం.

ఈ పద్ధతి పనిచేసిందా? కౌబాయ్స్ 1966 నుంచి ఇరవై సీజన్లు వరసగా ఓటమికంటే గెలుపే ఎక్కువగా చూశారు. 1964లో పదో రౌండులో, అంటే చాలామంది కుర్చీల్లోంచి లేచి వెళ్ళిపోయే వేళకి, రోజర్ స్టౌబాక్‌ని తీసుకున్నారు. అతను నేవీలో ఏళ్ళకొద్దీ పనిచెయ్యాల్సి ఉండటంతో మిగతా జట్లు ముందే వదిలేశాయి. 1969లో వచ్చి చేరాడు, రెండు సూపర్‌బౌల్‌లు గెలిపించాడు. ఇది కంప్యూటర్ గొప్పా, స్కౌట్ల పెద్ద గిల్ బ్రాంట్ ఓపికా అంటే, నా ఓటు ఓపికకే.

ఎందుకంటే కంప్యూటర్‌కి సొంత కళ్ళు లేవు. అంకె వేసేది స్కౌటే. ఆ స్కౌట్ కంట్లో క్వార్టర్‌బ్యాక్ అంటే ఒక బొమ్మ ముందే ఉంటుంది. పొడుగ్గా, నిటారుగా నిలబడి బంతి విసిరే తెల్ల కుర్రాడు. ఆ బొమ్మకి సరిపోనివాడికి అయిదు కాదు, యాభై గళ్ళున్న ఫారం పెట్టినా ఉపయోగం లేదు. వారెన్ మూన్ అని నల్లజాతి కుర్రాడు. 1978 జనవరిలో వాషింగ్టన్ యూనివర్సిటీకి రోజ్‌బౌల్ గెలిపించాడు. ఆ ఏడు డ్రాఫ్ట్ పన్నెండు రౌండ్లు సాగింది. ఒక్క జట్టూ అతని పేరు చదవలేదు. వేరే స్థానంలో ఆడతావా అని అడిగినవాళ్ళు ఉన్నారు, ఆడనన్నాడు. కెనడా వెళ్ళిపోయి ఎడ్మంటన్ జట్టుతో వరసగా అయిదు గ్రేకప్‌లు గెలిచాడు. 1984లో హ్యూస్టన్ జట్టు పిలిచి మరీ పెద్ద జీతమిచ్చింది. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. మరి ఆ ఆరేళ్ళూ ఎవరి ఖాతాలో రాయాలి?

ఇక కొలతల సంగతి. 1982లో మొదలైన కంబైన్ అనే పరీక్షల జాతర 1987 నుంచి ఇండియానాపోలిస్‌లో జరుగుతోంది. నలభై గజాలు పరిగెత్తించి టైము చూస్తారు, నిలుచున్న చోటినుంచి ఎగరమంటారు, అరచెయ్యి కూడా కొలుస్తారు. వీటికి తోడు వండర్లిక్ అని పన్నెండు నిమిషాల్లో యాభై ప్రశ్నల పరీక్ష ఉండేది. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో మనం రాసిన యాప్టిట్యూడ్ టెస్టు గుర్తుందా, ఇంచుమించు అదే. 2022లో దాన్ని ఎత్తేశారు. బయటికి పొక్కిన మార్కుల ప్రకారం డాన్ మరీనోకి పదిహేనో పదహారో వచ్చాయి. 1983లో మొదటి రౌండులోనే ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు అమ్ముడుపోతే అతను ఆరోవాడు. మరుసటి ఏడే 48 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి రికార్డు సృష్టించాడు.

మనుషుల్ని ఎంచడం గురించి మాట్లాడాలంటే మాత్రం 1998 దగ్గర ఆగాలి. పేటన్ మానింగా, రయన్ లీఫా? ఇద్దరూ పొడుగే, ఇద్దరివీ మంచి చేతులే. లీఫే మేలన్న నిపుణులు తక్కువేమీ కాదు. మొదటి వంతు ఇండియానాపోలిస్ కోల్ట్స్‌ది, నిర్ణయం బిల్ పోలియన్‌ది. ఇంటర్వ్యూకి రమ్మంటే లీఫ్ రాలేదు. పోలియన్ మానింగ్‌ని తీసుకున్నాడు. శాన్‌డియాగో చార్జర్స్ ఒక్క మెట్టు పైకెక్కి లీఫ్‌ని పట్టుకోవడానికి రెండు మొదటి రౌండు వంతులు, ఒక రెండో రౌండు వంతు, ఇద్దరు ఆటగాళ్ళని వదులుకుంది.

ఆ సీజన్ అయ్యాక ఎవరైనా స్కోరుబోర్డు మాత్రమే చూసి ఉంటే? చార్జర్స్ అయిదు గెలిచారు, కోల్ట్స్ మూడే. మానింగ్ 28 సార్లు బంతి అవతలివాళ్ళ చేతికిచ్చాడు, కొత్త కుర్రాళ్ళలో ఈనాటికీ అదే రికార్డు. కాకపోతే 26 టచ్‌డౌన్‌లు కూడా వేశాడు. లీఫ్ వేసినవి రెండు. కాన్సాస్‌సిటీ మీద పదిహేను పాస్‌లు విసిరితే ఒక్కటి అందింది, నాలుగు గజాలు. మర్నాడు లాకర్‌రూంలో విలేఖరి మీద అరిచాడు, అది కెమెరాకెక్కింది. 2000 సీజన్ తర్వాత చార్జర్స్ వదిలేశారు. తర్వాత మాత్రల వ్యసనం, దొంగతనం, 2012 నుంచి 2014 దాకా మోంటానాలో జైలు. ఇప్పుడు బయటపడి ఆ వ్యసనం గురించే నలుగురికీ చెబుతున్నాడు. ఇరవై రెండేళ్ళవాడి నడవడికని ఏ స్టాప్‌వాచ్ కొలుస్తుంది? ఖురేషీ జాబితాలో ఆ మాట మొదటే ఉంది, నిజమే. గడి ఉండటం వేరు, అందులో సరైన అంకె వెయ్యగలగడం వేరు.

రెండేళ్ళ తర్వాత టామ్ బ్రేడీ. ఈ కథ చాలామందికి తెలుసు కాబట్టి గబగబా చెప్పేస్తా. నలభై గజాలు 5.28 సెకన్లు. కంబైన్‌లో చొక్కా లేకుండా తీసిన ఫొటో చూస్తే ఆటగాడు అనిపించడు, మన టీంలో టెస్టింగ్ కుర్రాడిలా ఉంటాడు. కాలేజీలో ఆఖరి ఏడు కూడా ఇంకొకడితో స్థానం పంచుకోవాల్సొచ్చింది. అతనికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లని తీసుకున్నారు. అందులో 65వ వంతుకి శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకున్న జియోవానీ కార్మాజీ అసలు సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. బ్రేడీ 199. ఏడు సూపర్‌బౌల్‌లు. విడిగా ఏ జట్టుకీ అన్ని లేవు.

డేవిడ్ బెర్రీ, రాబ్ సిమన్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో అచ్చైన పేపర్లో తేల్చిందేమిటంటే, కంబైన్ కొలతలూ వండర్లిక్ మార్కులూ డ్రాఫ్ట్‌లో ఎంత ముందు ఎంపికవుతాడో చెప్తాయి గానీ, తర్వాత ఎలా ఆడతాడో పెద్దగా చెప్పవు. చదివినప్పుడు "చూశారా!" అని ఎగిరి గంతేశాను. తర్వాత మెల్లిగా అనుమానం వచ్చింది. వెనక ఎంపికైనవాళ్ళలో మైదానంలోకి దిగేది ఏ కొద్దిమందో, అదీ బాగా ఆడితేనే ఉంచుతారు. మిగతావాళ్ళు డేటాలోకే రారు. లాగ్‌లోకి ఎక్కని ఎర్రర్లని లెక్కపెట్టకుండా సర్వర్ భేషుగ్గా ఉందన్నట్టే కదా. బ్రేడీకైనా 2001 సెప్టెంబరులో డ్రూ బ్లెడ్సోకి గట్టి దెబ్బ తగిలితేనే అవకాశం వచ్చింది. ఆ దెబ్బ తగలకపోతే 199 అనేది ఎంత సరైన అంచనా అనుకునేవాళ్ళమో! ఎన్ని 199లు అలా బెంచీ మీదే రిటైరయ్యాయో.

మళ్ళీ పోలియన్ దగ్గరికొద్దాం. 1998లో అందరికంటే సరిగ్గా చూసిన కన్ను అది. 2018 డ్రాఫ్ట్‌కి ముందు, రిటైరై టీవీలో విశ్లేషణలు చెబుతూ, లమార్ జాక్సన్ అనే లూయివిల్ కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా కాకుండా రిసీవర్‌గా మారితే మేలన్నాడు. జాక్సన్ 2016లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైజ్‌మన్ ట్రోఫీ గెలిచినవాడు. వారెన్ మూన్‌ని అడిగి నలభై ఏళ్ళు! ఆ డ్రాఫ్ట్‌లో నలుగురు క్వార్టర్‌బ్యాక్‌ల తర్వాత, మొదటి రౌండు ఆఖరి వంతులో, 32వ వాడిగా బాల్టిమోర్ అతన్ని తీసుకుంది. అతనికంటే ముందు పదో వంతుకి వెళ్ళిన జాష్ రోజెన్‌ని ఆ జట్టు ఏడాదికే వదిలించుకుంది. 2019లో లీగ్ మొత్తంలో ఎక్కువ టచ్‌డౌన్ పాస్‌లు జాక్సన్‌వే, 36. ఎంవీపీ ఓట్లు యాభైకి యాభై. పోలియన్ తను పొరబడ్డానని ఆ నవంబరులోనే ఒప్పుకున్నాడు, అది పెద్దమనిషితనం.

జాక్సన్ ఆ కంబైన్‌లో విసరడానికి వచ్చాడు గానీ నలభై గజాలు పరిగెత్తలేదు. తర్వాత తన కాలేజీలో జట్లవాళ్ళ ముందు పెట్టిన పరీక్షలోనూ పరిగెత్తలేదు. పరిగెడితే వచ్చే టైము చూసి వీడు రిసీవరే అని ఖాయం చేసేస్తారని అతనికి తెలుసు. లీగ్‌లో అందరికంటే వేగంగా పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ పేరు పక్కన ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.